పంచనామా ముగిసిన తరువాత

ఇతరుల మరణమునకు కారణము వెదకుటయే వృత్తిగా జీవించిన పరిశోధకుని మనస్సునకు గాయమైనపుడు దాని సంగతి ఎవరు విచారింతురు? పాశమైలారం విస్ఫోటనము నేపథ్యముగా ఒక పరిశీలనము.

పటాన్‌చెరువు మండలములోని చిట్కుల్ గ్రామమునందు నేడు ప్రొద్దు పొడుచుటకన్న, ప్రొద్దు క్రుంకుటకన్న, చుట్టుపట్ల కర్మాగారముల షిఫ్టులే దినమును భాగించుచున్నవి. హైదరాబాదునుండి ముంబయి వైపు సాగు 65వ నంబరు జాతీయ రహదారికి చేరువగా, ఇస్నాపూర్, పాశమైలారం, భానూరు మొదలగు ఊళ్లతో కలిసి పెరిగిన ఈ పారిశ్రామిక మండలపు అద్దె గదులలో బీహారువారు, ఒడిశావారు, జార్ఖండువారు, ఆంధ్రదేశపు నలుమూలలనుండి వలస వచ్చినవారు, ఒకరు రాత్రి పనికి లేచిపోగా మరియొకరు పగటి పని ముగించి వచ్చి ఆ చాపమీదనే మేను వాల్చునంత ఇరుకుగా కాపురము చేయుచున్నారు. 2025 జూన్ 30వ తేది, సోమవారము, ఉదయపు షిఫ్టువారు పనిలో నుండగా పాశమైలారం పారిశ్రామికవాడలోని సిగాచి ఇండస్ట్రీస్ కర్మాగారమున సంభవించిన విస్ఫోటనము 54 మందిని బలిగొన్నది. వారిలో 8 మంది దేహములు, ఇది ఫలానావానిది అని చెప్పగలిగినంత అవశేషమైనను మిగులక, కనబడకయే పోయినవి. మందుబిళ్లల తయారీలో పూరకముగా వాడు మైక్రో క్రిస్టలైన్ సెల్యులోజ్ అను తెల్లని పొడి అక్కడ తయారగుచుండెను. కొయ్యగుజ్జునుండి పుట్టు ఆ పొడి, చేతిలో నున్నపుడు గోధుమపిండి అంతటి సాధువే. మూసిన గదిలో దట్టముగా గాలికి లేచి, దానికి నిప్పురవ్వ తోడైనపుడు మాత్రము అది మేడలను కూల్చగలదు.

ఆ దుర్ఘటనలో మరణించిన శ్రామికులను గూర్చియు, క్షతగాత్రులను గూర్చియు, యాజమాన్యపు బాధ్యతను గూర్చియు పత్రికలు వ్రాసినవి. ఇంకను వ్రాయవలసినది చాల ఉన్నది, వ్రాయకుండుట నేరము కూడ. ఈ వారము నేను ఎత్తుకొన్నది ఎవ్వరును అంతగా ఎత్తుకొనని మరియొక సంగతి. శిథిలములు తొలగినకొలది బయటపడిన ప్రతి అవశేషమును చూచి, కొలిచి, వ్రాసికొని, సంఖ్య వేసి, మూటగట్టి, ముద్రవేసి, పరీక్షకు పంపి, ఆ పరీక్ష ద్వారా దానికొక పేరు రప్పించి, ఆ పేరుగలవాని తల్లికో భార్యకో అప్పగించు పని ఎవరో చేయవలెను గదా! ఆ పని దర్యాప్తు అధికారులది, క్లూస్ టీమువారిది, హెడ్ కానిస్టేబుళ్లది, శవాగారపు సిబ్బందిది. ఆ దినములలో అక్కడ పనిచేసిన ఏ అధికారి పేరును ఇక్కడ ఎత్తను. వారిలో ఎవరి మనస్సున ఏమి మిగిలినదో వారే చెప్పవలెను గాని మరియొకరు చెప్పుట తగదు. అట్టి పని మనిషిని ఏమి చేయునో, చేసిన దానినుండి మనిషి ఎట్లు తేరుకొనునో, తేరుకొనుటకు మన వ్యవస్థ ఏపాటి చోటిచ్చినదో విచారించుట మాత్రము పౌరులుగా మన విధి.

మరణము అసహజమైనపుడు పోలీసు అధికారి జరుపవలసిన శవ పంచనామా, పూర్వపు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 174వ సెక్షనుగా నుండి, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194వ సెక్షనైనది. సంఖ్య మారినను పని మారలేదు. ఆ పరిసరములలో నివసించు పెద్దమనుషులు ఇద్దరికి తక్కువ గాకుండ ఎదుట నుండగా, అధికారి ఆ దేహముపైని గాయములను, ఎముకలు విరిగిన గుర్తులను, కమిలిన చోట్లను, మరణమునకు పైకి కన్పట్టు కారణమును పరిశీలించి నివేదిక వ్రాయును. పంచులు దానిపై సంతకము చేయుదురు. ఈ పారిశ్రామిక మండలములలో పంచులనగా ఎవరు? మూలమీది కిరాణా కొట్టు యజమాని, గదులు అద్దెకిచ్చు ఆసామి, అటుగా పోవుచు పిలువబడిన ఆటోవాడు. వారును ఆ దృశ్యమును చూచినవారే. సంతకము పెట్టి ఇంటికి పోయిన ఆ సాయంకాలము వారి నోటికి ముద్ద దిగినదో లేదో ఎవ్వరు అడుగుదురు? కాని పంచునకు అది జన్మలో ఒకసారి. పరిశోధకునకు అదియే జీవనము.

ఒక్క దేహమున్నపుడు వ్రాయుటకు తగిన ఆ నివేదిక, దేహములు దేహములుగా నిలువని చోట ఏమగును? అప్పుడు చట్టము శాస్త్రమును ఆశ్రయించును. తల్లి రక్తము, తండ్రి రక్తము, బిడ్డల రక్తము సేకరించి, అవశేషములతో డి.ఎన్.ఏ. సరిపోల్చవలెను. ఆ ఫలితము వచ్చు దాక బంధువులు ఆసుపత్రి ఆవరణలో కూర్చుండియుందురు. అధికారి వారి నడుమ తిరుగుచుండవలెను. "మీవాడు ఏ రంగు అంగీ వేసుకొని పోయిండమ్మా? చేతికి దారముండెనా? పచ్చబొట్టేమన్న ఉండెనా?" అని అడుగవలెను. భాష రానివారితో సగము హిందీలో, సగము సైగలలో అడుగవలెను. ఆ ప్రశ్నలడుగునపుడే, శవాగారములో తాను ఉదయము చూచిన ఒక దారపుపోగు అతని కన్నులకు కట్టుచుండును. అది ఈ తల్లి బిడ్డదే యని మనస్సు చెప్పుచుండును. శాస్త్రము చెప్పనిదే తాను చెప్పరాదు. ఈ మౌనము పాటించుట ఎంతటి భారమో, ఆ ఆవరణలో ఒక్క పూట నిలిచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆపై ఆ 8 మంది. పరిశోధకుని వృత్తిలో క్రూరమైన కేసుకన్న తేలని కేసు ఎక్కువ కాలము వెన్నాడునని నా అభిప్రాయము. హంతకుడు దొరికిన హత్యకు ఒక ముగింపు ఉన్నది. అభియోగ పత్రము దాఖలగును, ఫైలు మూతపడును. అప్పగించుటకు ఏమియు లేక, మీవాడు ఇక దొరకడని చెప్పి, ఒక కుటుంబమును వట్టి చేతులతో వందల క్రోసుల దూరము వెనుకకు పంపిన వేళ, పరిశోధకుని కౌశలమంతయు ఏ పనికి వచ్చినట్లు? అతడు తప్పుచేయలేదు, తప్పుచేయలేదని అతనికిని తెలియును. అయినను, ఇంకొక బుట్ట బూడిద జల్లించియుండిన, ఇంకొక మూల త్రవ్వించియుండిన అను తలంపు అర్ధరాత్రమున లేచి కూర్చుండును. నేరము చేయనివానికి కలుగు ఈ అపరాధభావము అపరాధ పరిశోధకునికే దక్కుట విధి వైపరీత్యము.

కేసు డైరీ యొకటి ఉన్నది. సమాచారము ఎన్ని గంటలకు అందినది, దర్యాప్తు ఎన్ని గంటలకు ఆరంభమై ఎన్ని గంటలకు ముగిసినది, ఏ యే స్థలములు దర్శించినది, ఏమి తేలినది అను సంగతులను ఏనాటికానాడు వ్రాయవలెనని పాత కోడ్‌లోని 172వ సెక్షను, నేటి సంహితలోని 192వ సెక్షను శాసించుచున్నవి. దీనికన్న నియతమైన దినచర్య మన దేశములో మరి యే ఉద్యోగికిని లేదేమో. ముప్పది యేండ్ల సర్వీసు గల ఇన్‌స్పెక్టరు తన చేతితో ఇట్టి పుటలు వేలకొలది నింపియుండును. వానిలో ప్రతి గంటకును లెక్క ఉన్నది; ఆ గంటలలో వ్రాసినవాని లోపల జరిగినదానికి మాత్రము గడి లేదు. ఉండవలెనని నేననుటలేదు, న్యాయస్థానమునకు పోవు పత్రములో దానికి తావు లేదు నిజమే. ఆ గడి మరి యెక్కడనైన ఉన్నదా యన్నదియే ప్రశ్న.

మన అపరాధ పరిశోధక నవలలు ఈ సంగతిని ముట్టలేదు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్, అతని సహాయకుడు రాజు, ఒక తరము తెలుగు పాఠకుల నిద్రను హరించినారు గాని తాము నిద్ర పోగొట్టుకొన్నవారు కారు. ఒక కేసు ముగియుటతోనే మరియొక కేసుకు సిద్ధముగా, ఇస్త్రీ నలుగని దుస్తులతో, యుగంధర్ మన ఎదుట ప్రత్యక్షమగుచుండెను. చదువరికి కావలసినది అదియే గనుక రచయితను తప్పుపట్టరాదు. కాని ఈ శాఖలో అగ్రగణ్యుడైన కానన్ డాయిల్ దొర ఈ సంగతి నెరుగును. 1893లో వెలువడిన రైగేట్ కథ ఆరంభములో షెర్లాక్ హోమ్స్, రెండు నెలలపాటు దినమునకు 15 గంటలకు తక్కువ గాక శ్రమించి ఐరోపా నంతటిని కదలించిన ఒక మోసమును బట్టబయలు చేసి, ఫ్రాన్సులోని లియాన్ నగరమున మంచము పట్టును. గది నిండ అభినందన తంతివార్తలు చీలమండల లోతున పడియుండగా, ఆ మనిషి ఘోరమైన నిరాశలో మునిగియుండును. వాట్సన్ పోయి, అతనిని తోడ్కొని వచ్చి, పల్లెపట్టున ఒక స్నేహితుని యింట ఉంచును. డాయిల్ వైద్యుడగుటచేతనే కాబోలు, ఇంత ఖచ్చితముగా వ్రాయగలిగినాడు: విజయము గాయమును మాన్పదని, ఒంటరిగా వదలరాదని, చోటు మార్పవలెనని, వెంట ఒక మిత్రుడుండవలెనని. డొరతీ సేయర్స్ సృష్టించిన లార్డ్ పీటర్ విమ్సీ మరింత లోతుగా పోయినాడు. మొదటి ప్రపంచయుద్ధపు కందకములలో మనస్సు చెదరి వచ్చిన ఆ పరిశోధకుడు, 1937 నాటి నవల చివర, తాను పట్టించిన హంతకుని ఉరితీయు ఉదయమున భార్య యొడిలో తల పెట్టి విలపించును. సత్యమును కనుగొన్నవానికి ఆ సత్యపు ఫలితముకూడ అంటుకొనునని చెప్పిన ఘట్టమది.

వైద్యశాస్త్రము ఈ బాధకు పేరు పెట్టుటకు చాల కాలము పట్టినది. 1915లో చార్లెస్ మైయర్స్ అను వైద్యుడు లాన్సెట్ పత్రికలో సైనికుల దశను 'షెల్ షాక్' అను పేరుతో వర్ణించినాడు. 1980లో అమెరికా మనోవైద్యుల గ్రంథమున 'పి.టి.ఎస్.డి.' అను నేటి పేరు స్థిరపడినది. చూచిన దృశ్యము పిలువకయే మరల మరల కన్నులయెదుట నిలుచుట. దానిని గుర్తుచేయు చోట్లను, మనుషులను, మాటలను తప్పించుకొని తిరుగుట. ఆపద గడచిపోయినను ఇంకను పొంచియున్నదన్నట్లు ఒళ్లంతయు చెవులై యుండుట: ఇవి దాని ముఖ్య లక్షణములు. 2013లో ఆ గ్రంథపు ఐదవ కూర్పు ఒక గొప్ప సంగతిని స్పష్టపరచినది. గాయపడుటకు ఆపద తన మీదికే రానక్కరలేదు, వృత్తిరీత్యా దారుణ వివరములకు పదే పదే లోనగుటయే చాలునని చెప్పి, అందులకు ఉదాహరణలుగా మానవ దేహావశేషములను ఏరు సహాయక సిబ్బందిని, పసిబిడ్డలపై జరిగిన అత్యాచారముల వివరములు నిరంతరము వినవలసివచ్చు పోలీసులను పేర్కొన్నది. పాశమైలారం శిథిలములలో చేతితొడుగులు వేసికొని వంగి నిలిచినవాడు ఆ వాక్యములో ఉన్నాడు.

అనుభవజ్ఞునికి ఇది తగులదను నమ్మకము మన ఠాణాలలో బలముగా ఉన్నది. "ఇన్నేండ్ల సర్వీసు, ఎన్ని చూసిండు సార్, ఇదొక లెక్కనా?" అందురు. ఎన్నియో చూచినవాడగుటయే అతని ప్రమాదము. మొదటి పదేండ్లలో చూచినవానిని అతడు ఎక్కడనో అణచిపెట్టి మూత వేసినాడు. ఒకనాడు ఒక కేసు ఆ మూత తీయును. అతడు ఏడ్వడు. ఎవరికిని చెప్పడు. కోపము హెచ్చును, కాలిన వాసన ఎక్కడ తగిలినను మాట మధ్యలో ఆగిపోవును, వంటింట నూనె పొగ లేచిన వాకిటిలోనికి పోవును. "ఇంక పండుకోలేదా?" అని ఇల్లాలు అడిగిన "రేపు కోర్టుంది" అనును. రేపు కోర్టు లేదని ఆమెకు తెలియును. సీసా ఒకటి బీరువాలోనికి వచ్చును, లేదా మందుల షాపునుండి నిద్రమాత్రలు వచ్చును. ఈ రెండవది మర్యాదగా కనబడును గాని నిరపాయము కాదు. గాయము తగిలిన తొలి నెలలో బెంజోడైజపీన్ జాతి నిద్రమాత్రలు ఇయ్యవలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 నాటి మార్గదర్శకములలో చెప్పియున్నది.

మరి ఏమి చేయవలెను? అధికారులందరిని ఒక హాలులో కూర్చుండబెట్టి, ఒక నిపుణుని పిలిపించి, ఒక్క మధ్యాహ్నమున అందరి చేతను అన్నియు చెప్పించి పంపివేయుట సులభమైన ఆలోచన. ఫొటో కూడ వచ్చును. 1983లో జెఫ్రీ మిచెల్ రూపొందించిన ఇట్టి పద్ధతి అనేక దేశముల రక్షకశాఖలలో వ్యాపించినది. కాని 1997లో బ్రిటనులో కాలినగాయములవారిపై జరిగిన ఒక పరీక్షలో, ఇట్లు ఒక్కసారి చెప్పింపబడినవారిలో 13 నెలల తరువాత 26 శాతము మందికి పి.టి.ఎస్.డి. ఉండగా, చెప్పింపబడనివారిలో 9 శాతము మందికే ఉన్నది. పచ్చిగాయమును అందరియెదుట విప్పించి, కట్టు కట్టకయే పంపివేయుట మేలు కాదని దాని అర్థము. మేలు చేయుననుటకు ఆధారమున్న చికిత్సలు నిదానమైనవి: శిక్షితుడైన చికిత్సకుని యెదుట, అనేక వారములపాటు, ఆ జ్ఞాపకమును మొదటినుండి తుదివరకు వరుసగా నడచి, అది గతమని శరీరమునకు నేర్పుట, 1989లో ఫ్రాన్సీన్ షాపిరో వెల్లడించిన, కన్నుల కదలికలతో కూడిన పద్ధతి, అవసరమైనవారికి మనోవైద్యుడు వ్రాసిన మందు. వీనియన్నింటికిని కావలసినది ఒకటి ఉన్నది, అది కాలము. పోలీసునకు లేనిది అదియే.

కాలమిచ్చి వినుట యొక్క మహిమను మనకు భారతము ఎన్నడో చెప్పినది. స్త్రీపర్వమున, యుద్ధము ముగిసిన నేలమీద నిలిచి ధృతరాష్ట్రుడు హతుల సంఖ్య నడుగును. ధర్మరాజు లెక్క చెప్పును. దిక్కులేనివారిని ఎవరు దహింతురని వృద్ధరాజు అడుగగా, విదురుని, సంజయుని, ధౌమ్యుని, మరికొందరిని ధర్మరాజు ఆ పనికి నియోగించును. నానాదేశములనుండి వచ్చి అనాథులై పడినవారికి సైతము విదురుడు రాజాజ్ఞచొప్పున అగ్నిసంస్కారము జరిపించును. బీహారునుండి, ఒడిశానుండి వచ్చి ఈ నేలమీద బూడిదైనవారిని తలచినపుడు ఈ ఘట్టము నా మనస్సునుండి పోకున్నది. అంతకన్న గమనింపదగినది తరువాతి కథ. ఆ లెక్క చెప్పిన ధర్మరాజు నగరమునకు పోడు. గంగాతీరమున నెలదినములు ఉండిపోవును. కర్ణుని తలచి తలచి దుఃఖించి, రాజ్యము వలదు, అడవికి పోయెదననును. తమ్ములు వాదింతురు, ద్రౌపది మందలించును, వ్యాసుడు బోధించును. ఎవ్వరి మాటయు ఒక్కపెట్టున పనిచేయదు. కడకు కృష్ణుడు అతనిని భీష్ముని యొద్దకు తోడ్కొని పోవును. తానే నిలువెల్ల గాయమై అంపశయ్యపై నున్నవాడు, గాయపడిన మనస్సు గలవానికి దినములకొలది ధర్మము చెప్పును. ధర్మరాజు అడిగినదే అడుగుచు, వినుచు, క్రమముగా సింహాసనమునకు తగినవాడగును. తిక్కన సోమయాజి తెనిగించిన పదునైదు పర్వములలో శాంతిపర్వమంతటి విస్తారమైనది లేకుండుట ఊరక జరుగలేదు. యుద్ధము 18 దినములు. తేరుకొనుటకు అంతకన్న చాల పుటలు కావలసివచ్చినవి. ఆ దీర్ఘతను కవులు దోషముగా భావింపలేదు.

మన పోలీసు శాఖ భీష్ముని ఎక్కడనుండి తెచ్చును? ఉన్నవారే ఉన్నారు. 61వ యేట పదవీ విరమణ చేసి ఇంట కూర్చుండిన ఇన్‌స్పెక్టర్లు, ఇట్టి కేసులు చూచి, ఇట్టి రాత్రులు గడపి, ఏదో విధమున ఒడ్డు చేరినవారు ప్రతి జిల్లాలో నున్నారు. వారిలో తగినవారికి శిక్షణ యిచ్చి, సర్వీసులో నున్నవాని యింటికి వారమునకొకమారు పోయి చాయ్ తాగి వచ్చు పని అప్పగింపవచ్చును. ఠాణావాడు వైద్యునితో చెప్పనిది ఠాణావానితో చెప్పును. దానికి మించిన బాధకు వైద్యుడే కావలెను. హైదరాబాదు ఎర్రగడ్డలో మానసిక వైద్యశాల ఉన్నది. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చికిత్సను ప్రతివానికి హక్కుగా చేసినది. ఖాకీ తొడిగినవాడు ఆ 'ప్రతివాని'లో చేరునని పైఅధికారులు నోరువిప్పి చెప్పవలెను. చికిత్సకు పోయిన కారణమున పోస్టింగు పోదని కాగితముమీద వ్రాసి ఇయ్యవలెను. ఈ హామీ లేనిదే ఎన్ని ఫోను సంఖ్యలు గోడకు అంటించినను ఒక్కడును ఫోను చేయడు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పోలీసులకు వారపు సెలవు ప్రకటించినపుడు అది వింతగా తోచినవారు ఉన్నారు. వారమున కొక దినము ఇంటనుండుటయే వింతయైన కొలువులో, పెద్ద దుర్ఘటన ముగిసిన వెంటనే విధిగా కొన్ని వారములు తేలిక పనిమీద ఉంచవలెనని కోరుట అత్యాశగా కనబడవచ్చును. నేను కోరుచున్నాను.

ఇంకొక సంగతి మిగిలియున్నది. తేరుకొనుటను గూర్చి మాటలాడువారు తరచు దీనిని మరతురు. పరిశోధకుని కేసు అతనిని విడుచుటకు న్యాయస్థానము ఒప్పుకొనవలెను. అభియోగ పత్రము దాఖలైన ఏండ్లకు, గాయము మానుచున్నదనుకొన్న వేళ, కొన్ని సందర్భములలో పదవీ విరమణ జరిగి ఊరు చేరిన పిమ్మట, సమను వచ్చును. డైరీ విప్పి జ్ఞాపకమును తిరుగదోడుకొని, ఆ మూటల సంఖ్యలను వరుసగా చెప్పి, క్రాస్ ఎగ్జామినేషనులో "ఫలానా అవశేషము ఫలానా మూలలోనే దొరికినదని ఎట్లు చెప్పగలరు?" అను ప్రశ్నకు బదులు చెప్పవలెను. న్యాయవాది తన ధర్మము తాను చేయుచున్నాడు. అయినను బోనులో నిలిచినవాడు ఆ మూలను మరల చూడవలసినదే. కొత్త సంహితలోని 336వ సెక్షను ఇక్కడ ఒక దారి చూపినది: నివేదిక వ్రాసిన దర్యాప్తు అధికారి బదిలీ అయినను, విరమించినను, చెప్పలేని దశలో ఉన్నను, ఆ పదవిలో నున్న తరువాతి అధికారిని పిలిపించి ఆ పత్రముపై సాక్ష్యము తీసికొనవచ్చును. జాప్యము తగ్గించుటకు చేసిన ఏర్పాటది. గాయపడినవానికి ఊపిరి పీల్చుకొను వెసులుబాటు కూడ అందులో ఉన్నది. చెప్పలేననువానికి దానిని వాడవలెను. తానే వచ్చి చెప్పెదననువానిని ఆపరాదు. ఎందులకనగా, పేరులేని మూటకు పేరు తెచ్చినవాడు ఆ పేరును నిండు సభలో తన నోట పలుకుట కొందరికి చికిత్సలో కడపటి మెట్టు కూడ కావచ్చును. అట్టివాడు సంగారెడ్డి న్యాయస్థానమునకు పోవలసియున్నపుడు, వారము ముందుగా డైరీ నకలు చేతికిచ్చి, చికిత్సకునితో ఒక పూట కూర్చుండనిచ్చి, ఆ దినమున పాత సహోద్యోగి నొకనిని వెంట పంపి, సాక్ష్యము ముగిసిన సాయంకాలము అతనిని ఒంటరిగా బస్సెక్కింపకుండుట శాఖ చేయగల పని. దానికి శాసనసభ కూర్చుండనక్కరలేదు. జిల్లా కార్యాలయమునుండి ఒక సర్క్యులరు వెలువడిన చాలును.